ముడి లేని తాడు

జూలై 6

వదినకు,

క్షేమం అని మొదలుపెట్టాలి గానీ ఈసారి ఆ మాట సగమే నిజం. అందుకని అసలు సంగతి ముందు చెప్పేస్తాను.

చలికాలం నుంచి పొత్తికడుపులో బరువుగా ఉంటోంది. నీకు రాయలేదు. రాస్తే కషాయాలు పంపుతావని భయం. ఆసుపత్రి లాండ్రీలోనే కదా పని, ఉతికిన దుప్పట్లు ఇవ్వడానికి వార్డుకి వెళ్లినప్పుడు డాక్టరమ్మకి చూపించుకున్నాను. గర్భసంచిలో గడ్డ ఉందట. తీసేయాలట. మంచిదో చెడ్డదో తీసి పరీక్ష చేస్తే గానీ చెప్పలేమంది. సెప్టెంబర్ మూడో వారంలో ఆపరేషన్.

రోగి పక్కన ఇంటి మనిషి ఒకరుండాలని ఇక్కడి నియమం. ఇన్నేళ్లు ఆ ఇంటి మనుషులు వరండాలో కునికిపాట్లు పడుతుంటే చూసి, వీళ్లకి ఇళ్లూ వాకిళ్లూ లేవా అనుకునేదాన్ని. ఇప్పుడు నాకే ఒక మనిషి కావాలి.

లాండ్రీలో ఇస్త్రీ పెద్దాయన విని, "ఇన్నాళ్లు అందరి దుప్పట్లూ ఉతికావు, నీ దుప్పటి నేను దగ్గరుండి ఇస్త్రీ చేస్తాలే" అన్నాడు. ఆయన ఓదార్పు అలాగే ఉంటుంది.

నా పెళ్లి పెటాకులయ్యాక నాకు ఇల్లంటే అన్నయ్య ఇల్లే. అన్నయ్య పోయి రెండేళ్లయినా, "మా ఇంట్లో అయితే" అని ఎవరితోనైనా మొదలుపెడితే నీ గుమ్మమే కళ్లముందుకొస్తుంది. రా వదినా. ఓ పది రోజులు ఉండి వెళ్దువుగాని. నా గది చిన్నదే, కానీ కిటికీ పెద్దది.

నీ ఆడపడుచు,
పిచ్చుక


జూలై 19

పిచ్చుకకు,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర చదివాను. అన్నం మాడింది.

ఇలాంటి సంగతి ఇన్ని నెలలు దాచిపెట్టుకుంటారా? మీ అన్న నీకు పిచ్చుక అని పేరు పెట్టింది ఊరికే కిచకిచలాడతావని. తీరా చెప్పాల్సిన మాట దగ్గర మాత్రం నోరు పెగలదు. బరువులెత్తకు. తడి దుప్పట్ల గంప అసలు ముట్టుకోకు, ఆ ఇస్త్రీ పెద్దాయన్నే ఎత్తమను, మాటలకు పట్టే బలం చేతులకి పెడతాడు.

రావడానికేముంది, రెక్కలు కట్టుకుని వాలేదాన్నే. కానీ పశువుల తాళ్లు చాలా ఒప్పుకున్నాను. తాడు పేనడం ఒక్క మనిషి పని కాదని నీకు తెలుసు. నడుముకి నార చుట్టుకుని, నార వదులుతూ వెనక్కి నడిచేదాన్ని నేను. అవతల చక్రం తిప్పేది మీ అన్న. ఇప్పుడు పొద్దున పాలు పిండటం అయ్యాక పక్కింటి పాలామె వచ్చి తిప్పుతోంది. తిప్పినంతసేపూ నన్ను తిడుతుంది. కానీ చెయ్యి నిలకడైనది, పురి సమంగా పడుతుంది. నేను పది రోజులు లేకపోతే ఆమె అలవాటు తప్పుతుంది.

ఏరు పొంగింది. పడవ కట్టేశారు, మళ్లీ చలికాలం ముందు విప్పరు. వంతెన కొత్తది వేశారు. తళతళలాడుతోంది.

మీ పిన్ని ఆ ఊళ్లోనే ఉంది కదా. ఆమెని ఒకసారి అడిగి చూడకూడదా?

జాగ్రత్త.

మీ వదిన


జూలై 30

వదినకు,

పిన్ని దగ్గరికి వెళ్లాను. తన ఇంటి మెట్లు తనే ఎక్కలేకపోతోంది, నేనే రెండు బిందెల నీళ్లు పట్టి పెట్టి వచ్చాను. ఆమె నన్ను చూసుకోవడం కాదు, మా ఇద్దరికీ కలిపి ఒక మనిషి కావాలి.

పడవ కట్టేశారని రాశావు. వంతెన వేశారనీ నువ్వే రాశావు. ఇక్కడ పేపర్లో ఫొటో కూడా పడింది. కొత్త వంతెన, దాని మీద ఒక పెద్దమనిషి, మెడలో దండ. లాండ్రీలో అందరికీ చూపించాను, అదిగో అవతలి ఒడ్డున ఆ చివర కనపడీ కనపడనట్టున్న కప్పు మాదే అని. మాది కాకపోయినా ఎవరికి తెలుస్తుంది. అది చూసినప్పటి నుంచి ఇంటి మీదికి మనసు లాగుతోంది. వంతెన ఇవతలికి వస్తే బస్సు ఉంది, బస్సు దిగితే నేనుంటాను. నువ్వు రావడానికి అడ్డం ఏముందో నాకు అర్థం కావడం లేదు.

పశువుల తాళ్లతో పోటీకి నేను రాలేను వదినా. కానీ పది రోజులు మెడలో తాడు లేకపోతే ఆ పశువులు ఎక్కడికి పోతాయి?

రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నొప్పి వల్ల కాదు.

పిచ్చుక


ఆగస్టు 9

పిచ్చుకకు,

పశువుల గురించి నువ్వన్నమాట పాలామెకి చదివి వినిపించాను. "నా ఆవుని రమ్మను చూద్దాం, ఎక్కడికి పోతుందో" అంది. నువ్వంటే ఇష్టమే ఆమెకి.

పేపర్లో పడిన ఆ పెద్దమనిషి సంగతి చెప్తాను విను. వంతెన తెరవడానికి అవతలి ఒడ్డు నుంచి వచ్చాడు. ఇవతల మేమందరం శుభ్రంగా తయారై నిలబడ్డాం. ఆయన సగం దాకా వచ్చాడు. ఫొటో దిగాడు. చెయ్యూపాడు. వచ్చిన దారినే వెనక్కి పోయాడు. మేస్త్రీ నా పక్కనే ఉన్నాడు. "సగం దాకా వచ్చినవాడు మిగతా సగం ఎందుకు రాలేదంటావు అక్కా?" అని అడిగాడు. ఆ మాట ఊరంతా పాకింది.

పంతులమ్మది అవతలి ఒడ్డు. పడవ ఆగిన దగ్గర్నుంచి ఆమె అక్కడి రాయి మీద నిలబడి పాఠం అరిచి చెప్తోంది. పిల్లలు ఇవతల గట్టు మీద కూర్చుని తిరిగి అరుస్తారు. ఎక్కాల్లో సగం వినపడుతుంది, సగం ఏరు మింగేస్తుంది. మొత్తానికి ఎనిమిదో ఎక్కం ఎవరికీ రాలేదు.

పోస్టాయన మాత్రం వంతెన దాటుతున్నాడు. ధైర్యస్థుడివయ్యా అంటే, "ధైర్యం కాదమ్మా, ఉద్యోగం" అన్నాడు.

ఇక నా సంగతి. కళ్లు మసక వేస్తున్నాయి. వెనక గోడ వానకి ఉబ్బింది, ఎప్పుడు కూలుతుందో అన్నట్టుంది. ఇల్లు వదిలి రావాలంటే ఆలోచించాల్సి వస్తోంది.

పోస్టాయన చేత ఒక పార్సిల్ పంపుతున్నాను. మీ అన్న శాలువా. ఆసుపత్రి గదులు చల్లగా ఉంటాయని విన్నాను. ఉతికి ఎండబెట్టాను.

మీ వదిన


ఆగస్టు 17

వదిన గారికి,

పార్సిల్ చేరింది.

అన్నయ్య వస్తువు నాకు అప్పగించావు. మంచిది. నాకు అర్థం కాలేదనుకోకు. తాళ్లు, కళ్లు, గోడ, ఇప్పుడు శాలువా. ఆయన తరఫు మనిషికి ఆయన వస్తువు చేరిపోతే ఇక ఇచ్చిపుచ్చుకునేది ఏముంటుంది? అన్న ఉన్నన్నాళ్లే ఆడపడుచు అని పెద్దవాళ్లు అంటుంటే పాతకాలపు మాటలని నవ్వేదాన్ని.

నీకు ఇబ్బంది వద్దు. ఇస్త్రీ పెద్దాయన భార్య పక్కన ఉంటానంది. ఆమెకి నేను ఏమీ కాను, అయినా ఉంటానంది.

గోడ జాగ్రత్త. మేస్త్రీకి చెప్పి బాగు చేయించు.

ఇట్లు,
పిచ్చుక


ఆగస్టు 22

పిచ్చుకా,

ఆ "గారు" తీసేయి. ముప్ఫై ఏళ్లలో నువ్వు నన్ను గారు అనడం ఇదే మొదటిసారి. గుండెలో గునపం దింపినట్టుంది.

శాలువా పంపింది నువ్వు కప్పుకోవడానికి. నేను రాలేను కాబట్టి అదైనా నీ దగ్గరుంటుందని. అంతకు మించి అందులో ఏమీ లేదు. అది లేకుండా ఇక్కడ పడుకోవడం నాకు ఎలా ఉందో నేను రాయలేదు, నువ్వు అడగలేదు.

నేను వంతెన ఎక్కలేను.

తాళ్లు ఉన్న మాట నిజం. గోడ ఉబ్బిన మాట నిజం. కానీ వాటి వల్ల కాదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన నాలుగో రోజే సంచి సర్దుకుని బయల్దేరాను. మొదటి చెక్క మీద కాలు పెట్టాను. రెండో కాలు రాలేదు. చెక్కల సందులోంచి నీళ్లు కనపడుతున్నాయి. మీ అన్న ఆ రోజు భుజం మీద తాళ్ల చుట్టలు వేసుకుని పాత వంతెన ఎక్కడం నేను మన పెరట్లోంచి చూశాను. దాని తీగ తెగిన చప్పుడు కూడా విన్నాను, పిడుగు అనుకున్నాను. ఏరు ఆయన్ని తిరిగి ఇవ్వలేదు. ఏదైనా ఇస్తుందేమో అన్నట్టు చూస్తూ నిలబడ్డాను. వెనక్కొచ్చాక పాలామె అడిగితే కళ్లజోడు మర్చిపోయానని చెప్పాను. నాకు కళ్లజోడు లేదు.

నీకు వింతగా ఉంటుందేమో, ఇక్కడ ఎవరూ ఎక్కడం లేదు. ఎవరి సాకు వాళ్లకుంది. మేస్త్రీకి మోకాలు. పాలామె ఆవు వేరే చెయ్యి పడితే పాలివ్వదు. సాయంత్రం అందరం వంతెన దగ్గరికి పోతాం, చూస్తాం, వాన గురించి మాట్లాడుకుంటాం, వచ్చేస్తాం. భయం అన్న మాట ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. సాకులు చెప్పీ చెప్పీ అలవాటైపోయి నీకు కూడా అవే రాశాను.

నువ్వు నాకేమవుతావో నాకు తెలుసు. ఆ ముక్క ఉత్తరంలో రాసేది కాదు.

మీ వదిన


ఆగస్టు 29

వదినా,

ఉత్తరం చదివాక శాలువా తీసి కప్పుకున్నాను. ఇక్కడ ఇంకా ఉక్కగా ఉంది. చెమట పట్టినా తీయలేదు.

ఈ ముక్క మొదటే రాసి ఉంటే నేను ఆ నాలుగు మాటలూ అనకుండా ఉండేదాన్ని కదా. నేను మాత్రం తక్కువ తిన్నానా. నిద్ర పట్టడం లేదని రాశాను గానీ ఎందుకో రాయలేదు. ఆపరేషన్ గదిలోంచి వచ్చే దుప్పట్లు నేనే ఉతుకుతాను వదినా. వాటి మీద ఏముంటుందో నాకు తెలిసినట్టు డాక్టర్లకి కూడా తెలీదు. ఆ బల్ల ఎక్కాలంటే నాకు భయం. ఆ మాట ఎవరికీ చెప్పలేక, నువ్వు రావడం లేదని నీ మీద కోపం చూపించాను.

మొన్న ఇస్త్రీ పెద్దాయనతో అన్నాను, నాకు భయంగా ఉందని. ఆయన పెట్టె పక్కన పెట్టి, ముప్ఫై ఏళ్ల కింద తనకి హెర్నియా కోసినప్పుడు కిటికీలోంచి దూకి పారిపోబోయానని చెప్పాడు. లాండ్రీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత గంపలు ఎత్తే ఆమె తన సంగతి మొదలుపెట్టింది. మధ్యాహ్నం అయ్యేసరికి దుప్పట్లు గుట్టగా పడి ఉన్నాయి, ఎవరి భయం వాళ్లు చెప్పుకుంటున్నారు. ఆ రాత్రి కాస్త నిద్ర పట్టింది.

ఎక్కలేనన్న మాట నాకు రాశావు. పాలామెకి చెప్పావా?

నువ్వు రాగలిగితే రా. రాలేకపోతే, రాలేకపోయిన మనిషిగానే నా వదినవి. పెద్దాయన భార్య ఉంటుంది, నిజంగానే మంచిది, కాస్త గురక పెడుతుంది.

నీ పిచ్చుక


సెప్టెంబర్ 10

పిచ్చుకా,

ఇది పెద్ద ఉత్తరం. తీరిగ్గా చదువు.

నువ్వు చెప్పినట్టే పాలామెకి చెప్పాను. చక్రం తిప్పుతోంది. తిప్పడం ఆపకుండానే, "నా ఆవు ఎవరు పిండినా ఇస్తుంది పిచ్చిదానా. దానికి నామీద అంత ప్రేమ ఎక్కడ ఏడ్చింది" అంది. ఆ సాయంత్రం వంతెన దగ్గర పాలామే అందరి ముందూ అనేసింది, "మాకిద్దరికీ భయం, మిగతావాళ్ల సంగతేంటి?" అని. మేస్త్రీ మోకాలి వైపు చూసుకున్నాడు. "ఇది బాగానే ఉంది" అన్నాడు. వాడి భార్య అంత మాట ఇన్నాళ్లూ తనకైనా చెప్పలేదని అక్కడే దులిపేసింది.

ఆ తర్వాత మాటలు వచ్చాయి. పక్కన పట్టుకోవడానికి ఇనప తీగ ఉంది గానీ తడిస్తే చేపలా జారుతోందని ఒకరు, పట్టు దొరికే మంచి తాడు ఉంటే నడవచ్చని ఇంకొకరు. అందరూ నా వైపు తిరిగారు.

నేను కాదన్నాను. మన పెరడు ఎంతో నీకు తెలుసు. చక్రం దగ్గర్నుంచి వెనక గోడ దాకా నడిస్తే వచ్చేది ఆవుల తాడే. రెండు మూడు తాళ్లు ముడేసి కలపమన్నారు. చేత్తో పట్టుకుని నడిచే తాడుకి ముడి ఉండకూడదని మీ అన్న అనేవాడు. చెయ్యి ముడి దగ్గరికొస్తే మనిషి ఆగుతాడు, ఆగితే కిందికి చూస్తాడు. ఒకే తాడు కావాలి. అంత పొడుగు తాడు పేనాలంటే అంత పొడుగు నడిచే చోటు కావాలి. ఈ కొండవాలులో అంత తిన్నటి చోటు ఎక్కడుంది?

మేస్త్రీ తల గోక్కుని, "ఒకటుంది కదక్కా" అన్నాడు. చేత్తో చూపించాడు.

వంతెన.

వాడు వేళాకోళానికే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

నార ఇంటింటి నుంచీ వచ్చింది. కొందరు గోనెలు విప్పి ఇచ్చారు, నేను ఏరేశాను. మూడు పురులు కలిసి మెలిపడితే తాడు పొట్టిదవుతుంది కాబట్టి చక్రాన్ని ఒడ్డు మీద కాకుండా ఇంకా వెనక్కి, పాలామె పశువుల పాక పక్కన పాతారు. పాలామె అదేదో తన ఇంట్లో పెళ్లిలా తిరిగింది.

ఇంకో చిక్కు ఉంది. పురి పొడుగయ్యేకొద్దీ బరువుకి వేలాడుతుంది. పెరట్లో అయితే పంగల కర్రలు పాతి వాటి మీద ఎత్తి పెడతాం. వంతెన మీద కర్రలు ఎక్కడ పాతుతాం? మనుషులే కర్రలు కావాలి. నేను వెనక్కి జరిగేకొద్దీ ఒక్కొక్కరు వచ్చి పురిని చేతుల మీద ఎత్తి పట్టుకుని నిలబడాలి. ఈ మాట చెప్పాక సగం మంది ఇళ్లకి పోయారు. మర్నాడు వాళ్లలో చాలామంది తిరిగొచ్చారు. ఎందుకు వచ్చారని నేను అడగలేదు.

వాన తెరిపిచ్చిన రోజు మొదలుపెట్టాం. నార నడుముకి చుట్టుకున్నాను. చక్రం కొక్కేనికి కొస తగిలించాను. పాలామె తిప్పింది. నేను వెనక్కి నడిచాను. ఇన్నేళ్లు నడిచిన నడకే. కళ్లు నార మీద, వేళ్లు నార మీద. మడమకి మొదటి చెక్క తగిలినప్పుడు తెలిసింది. ఆగలేదు. ఆగితే పురి ముడుచుకుపోతుంది, నార పాడవుతుంది. ముందుకి నడిచి ఉంటే అవతలి ఒడ్డు కనపడేది, నీళ్లు కనపడేవి. వెనక్కి నడిచేదానికి తను వదిలొచ్చినవే కనపడతాయి. నాకు పాక కనపడింది, చక్రం కనపడింది, ఒకరి తర్వాత ఒకరు పురి కిందికి వచ్చి నిలబడుతున్నవాళ్లు కనపడ్డారు. వాళ్ల ముఖాలు చూడాల్సింది. ఆనపకాయ గింజల్లా తెల్లగా ఉన్నాయి.

సగానికొచ్చేసరికి వంతెన ఊగింది. అక్కడ ఎక్కువ ఊగుతుంది. అది ఏ చోటో నాకు తెలుసు. వేళ్లు ఆగిపోయాయి. కాళ్లు ఆగిపోయాయి.

ఏటి హోరులో పాక దగ్గర్నుంచి కేక వినపడదు. కాబట్టి పాలామె మాట మనిషి నుంచి మనిషికి వచ్చింది. "ఎందుకాగావని అడుగుతోంది." నేను "నార చిక్కుపడిందని చెప్పండి" అన్నాను. ఆ మాట అటు నుంచటు వెళ్లింది. మళ్లీ ఇటొచ్చింది. "చిక్కు నారలోనా, నీ తలలోనా అని అడుగుతోంది." అది చేరవేసిన ప్రతివాడి ముఖంలో నవ్వు పుట్టడం నాకు వరసగా కనపడింది.

నాకు అన్నిటికంటే దగ్గరగా నిలబడ్డవాడు మేస్త్రీ. వాడి మోకాళ్లు నిజంగానే ఒణుకుతున్నాయి, కింద చెక్కలు టకటకమంటున్నాయి. వాడు మెల్లిగా, ఇంకెవరికీ వినపడకుండా అన్నాడు. "అక్కా, నువ్వు నిలబడితే నేనూ ఇక్కడే నిలబడాలి. నా వల్ల కాదు. నడువక్కా."

నడిచాను.

తర్వాత వీపుకి ఏదో తగిలింది. పంతులమ్మ. నన్ను చూస్తూ చూస్తూ తన ఒడ్డు నుంచి తనే చాలా దూరం వంతెన మీదికి వచ్చేసింది, వచ్చినట్టు ఆమెకే తెలీదు. నా నడుం పట్టుకుని ఒడ్డుకి తీసుకుపోయింది. అక్కడ కూర్చున్నాను. బస్సు ఆగే చోటు కనపడింది. రెండేళ్ల తర్వాత.

అయ్యిందనుకోకు. తాడంటే మూడు పురులు. అంటే వెనక్కి పోవాలి, మళ్లీ రావాలి, మళ్లీ. ఈసారి ముందుకే నడవాలి, నీళ్లు చూస్తూ. ఒక చేత్తో పంతులమ్మని పట్టుకున్నాను. ఆమె ఇంకో చెయ్యి ఎవరో పట్టుకున్నారు. బాగుంది అని చెప్పను. కానీ పురులు మూడూ అయ్యాయి. మెలి వేసి, తాడు చేసి, కట్టేసరికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఎక్కడా ముడి లేదు. మొదట పట్టుకుని దాటింది మేస్త్రీ భార్య, వాడి కంటే ముందు దాటాలని.

నాకు భయం పోలేదు. అది నీకు తెలియాలి. కానీ దాంతో కలిసి నడవచ్చని తెలిసింది.

సోమవారం బయల్దేరుతున్నాను. చక్రం పాలామెకి అప్పగించాను. ఇస్త్రీ పెద్దాయన భార్యని వరండాలో నాకు కాస్త చోటు వదలమను. ఆమె గురక నేను చూసుకుంటాను.

నీ వదిన


నవంబర్ 4

వదినా,

నువ్వు బస్సెక్కి వెళ్లిన రోజు సాయంత్రం గదికి వచ్చి రెండు కంచాలు తీశాను. ఒకటి మళ్లీ లోపల పెట్టడానికి చాలాసేపు పట్టింది.

ఈ రోజే లాండ్రీకి మళ్లీ వెళ్లాను. తేలిక పని ఇచ్చారు, మడతలు పెట్టడం. పరీక్ష ఫలితం కాగితం కూడా ఈ రోజే నా చేతికిచ్చారు. చెడ్డ గడ్డ కాదు. డాక్టరమ్మ చెప్తుంటే నేను తలుపు వైపు చూశాను, నువ్వు అక్కడ ఉంటావన్నట్టు. ఆ మాట నువ్వుండగా వినాల్సింది.

నువ్వు నిద్రలో వేళ్లు ఆడిస్తావని తెలుసా? నార వదులుతున్నట్టు. నా మంచం పక్కన చాప మీద పడుకుని రోజూ అలాగే. వార్డులో ఎదురు మంచం ఆమె అడిగింది, మీవాళ్లు జపం చేస్తారా అని. తాడు పేనుతోందని చెప్పాను. ఎవరికోసం అంది. నవ్వాను.

ఇక్కడే ఉండిపొమ్మని నేను అడిగినప్పుడు నువ్వు కోపంగా సంచి సర్దుకున్నావు. కోపం నా మీద కాదని, వెళ్లక తప్పనందుకని బస్సు కదిలాక అర్థమైంది.

ఇప్పుడు ఒకటి అడుగుతాను. నాకు సెలవు ఇస్తారు, వచ్చే నెలలో. ఇంటికి వస్తాను. అన్నయ్య పోయినప్పుడు పడవలో వచ్చి పడవలో పోయాను, తెగిన వంతెన వైపు తల తిప్పి చూడలేదు. ఆయనకి సమాధి అన్నా లేదు, వెళ్లి కూర్చోవడానికి. ఆ చోటు ఏదో నాకు తెలీదు. వంతెన మీద నేను ఎక్కడ ఆగాలి?

నీ పిచ్చుక


నవంబర్ 16

పిచ్చుకా,

కాగితం సంగతి పోస్టాయన గుమ్మంలో ఉండగానే చదివాను. ఆయన చెక్కబల్ల మీద కూర్చుని నేను ముఖం కడుక్కుని వచ్చేదాకా ఆగాడు. తర్వాత పాలామె వచ్చి, ఏడ్చే సంగతైతే ఒంటరిగా ఏడవడమేంటి, మంచి సంగతైతే దాచుకోవడమేంటి అని తిట్టింది.

గోడ కూలింది. నేను ఇంట్లో లేనప్పుడే కూలింది, ఆ మర్యాద పాటించింది. మేస్త్రీ మళ్లీ కడుతున్నాడు. ఇంకా వెనక్కి జరిపి కట్టమన్నాను, పెరడు కాస్త పొడుగవుతుందని. అవతలి ఒడ్డు ఊళ్ల నుంచి కూడా తాళ్లు అడుగుతున్నారు. పిల్లలకి ఎనిమిదో ఎక్కం వచ్చేసింది.

ఏరు తగ్గింది. పడవ విప్పారు. పడవవాడు ఖాళీగా కూర్చుని అందరినీ దెప్పుతున్నాడు, జాలి పడి ముసలివాళ్లు అప్పుడప్పుడు ఎక్కుతున్నారు. నువ్వు వచ్చినప్పుడు పడవ ఎక్కకు.

నువ్వు అడిగిన చోటు ఎక్కడో నేను చెప్పక్కర్లేదు. తాడు పట్టుకుని నడుస్తూ రా. మొదట్లో గరుగ్గా ఉంటుంది, చేతికి నార గుచ్చుకుంటుంది, కొత్తది కదా. మధ్యకి వచ్చేసరికి ఒకచోట నున్నగా, నల్లగా ఉంటుంది. వంతెన అక్కడ ఎక్కువ ఊగుతుంది కాబట్టి దాటే ప్రతి మనిషీ అక్కడ గట్టిగా పట్టుకుంటాడు. రెండు నెలలకే అలా అయింది. కళ్లు మూసుకుని నడిచినా ఆ చోటు చేతికి తెలుస్తుంది.

నేను వారానికోసారి వెళ్తున్నాను. పనేమీ ఉండదు.

అక్కడ ఆగు. ఎంతసేపైనా ఆగు. వెనకవాళ్లు తొందరపెట్టరు.

నీ వదిన